తగలని చెయ్యి

శుక్రవారం రాత్రి మొయినాబాద్ సడక్ మీద, బండ్లను ఆపి పన్ను వసూలు చేసే నాకా కొట్టం కాలిపోయింది. శనివారం మధ్యాహ్నం ఇద్దరు జవాన్లు సురంగల్ వచ్చి, అన్నం ముందు కూర్చున్న సాముయేలును ఎంగిలి చేతితోనే లేపి తీసుకుపోయారు. వాళ్లకు దొరికిన సాక్ష్యం ఒక్కటే. సాముయేలు రేకు పెట్టెలో పెండ్లి కోటు కింద ఒక రంగుల బొమ్మల పుస్తకం. దాంట్లో ఒక పేజీ నిండా మంటలే. ఆదివారం ఆరాధన అయ్యాక అన్న పేతురు పాదిరి గారి కాళ్లు పట్టుకున్నాడు. రేపు నేనే వచ్చి మాట్లాడతానని ఆ పెద్దమనిషి ప్రార్థన చేసి మరీ మాట ఇచ్చాడు. సోమవారం పొద్దున ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. అందుకని పేతురు ఒక్కడే వచ్చి పోలీసు చౌకీ గడప ముందు నిలబడ్డాడు. పోయిన వారం మనం అతన్ని అక్కడే విడిచిపెట్టాం.

ఇప్పుడు లోపలికి పోవాలి.

గడప బయటే చెప్పులు విడిచాడు పేతురు. విడవమని ఎవరూ అనలేదు. యాభై ఏండ్లు దగ్గరపడుతున్న మనిషి. సర్కారు గడప కనబడితే కాళ్లే చెప్పులు విడుస్తాయి, మనసుతో పని లేదు. వెనక వేపచెట్టు నీడలో సాముయేలు భార్య కరుణమ్మ సద్దిమూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూడు రోజులుగా వండి తెస్తూనే ఉంది. మూడు రోజులుగా జవాన్లే తింటున్నారు.

"బావా," అన్నది. "మొగుడు బతికుండంగనే తద్దినం కూడు వండుతున్నట్టున్నది నాకు. లోపట ఉన్నడో లేడో, అదన్న చూసి రా."

గది చిన్నది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు ఆనించిన రెండు లాఠీలు. బల్ల వెనక, ఖైదీలను వేసే కొట్టు తలుపు. తలుపుకు చెయ్యి పట్టేంత జాలీ. జాలీ అవతల చీకటి. పేతురు ఆ చీకట్లోకి చూశాడు. ఏదో కదిలింది. మనిషో, కదిలిందని తను అనుకున్నాడో తెలియలేదు.

"ఏం రా, వచ్చినవా?" అన్నాడు జమేదారు జనార్దన్ రావు, తల ఎత్తకుండానే. ఉర్దూ బడిలో వస్తానియా, అంటే మిడిల్ స్కూలు పరీక్ష, పాసైన మనిషి. ఆ సంగతి చౌకీ ముందునుంచి పోయే మేకలకు కూడా తెలుసు, అన్నిసార్లు చెప్పుకున్నాడు. "నీ తమ్ముడు మస్తు మొండోడు రా. ఎవలు పంపుతే కాల్చినవురా అంటే, అన్నం తింటుంటే తీసుకొచ్చిన్రు, చెయ్యి కడుక్కుంట అంటడు. గదే మాట. మూడు దినాలసంది."

"వానికి ఏం తెల్వదు దొరా. లష్కర్ల, ఫౌజు ఉండేకాడ, తెల్ల సిపాయిలకు వంట చేసిండు అంతే. లడాయి అయిపోయినంక వాళ్లు ఓడలెక్కి పోయిన్రు. పోతపోత ఒకాయన ఆ పుస్తకం ఇచ్చి పోయిండు."

"గదే చెప్తున్న. తెల్లోడు ఊకెనే ఇస్తడా? ఇటు రా. నీకు నేను చదివి వినిపిస్త."

పుస్తకం బల్ల మీద ఉంది. జమేదారు దాన్ని దగ్గరికి లాక్కుని వెనక అట్ట తిప్పాడు. బూట్ల బొమ్మ, సైకిలు బొమ్మ ఉన్న అట్ట అది. దాన్నే మొదటి అట్ట చేసుకుని, వేలు తడి చేసుకుని, ఆఖరి పేజీ నుంచి మొదలుపెట్టాడు. అది కూడా కుడి పక్క పై మూల నుంచి.

"ఇగో, మొదలు. గీడు కుర్సీల కూసున్నడు. తల మీద చేతులు. ఏం చేస్తున్నడు?"

"దుఃఖపడుతున్నడేమో దొరా."

"దుఃఖం కాదురా పిచ్చోడా. సోంచాయిస్తున్నడు. ఎట్ల కాల్చాలె, ఎవల్ని తోలుకపోవాలె అని." పేజీ తిప్పాడు. "ఇగో, కాల్చిండు. చూడు మంటలు. మీద నుంచి ఒకడు పడి సస్తున్నడు, వీడు చెయ్యి సాపి తోస్తున్నడు." ఇంకో పేజీ. "ఇది ఇంకో కిల్లా. ఇది ఇంక కాలలే. అంటే రేపు కాల్చెటిది. ఏది రా ఇది? చేవెళ్ల కచేరియా? నా చౌకీయా?" చివరికి మొదటి పేజీకి వచ్చాడు. అక్కడ రొమ్ము మీద గడియారం కట్టుకుని, భుజాల నుంచి ఎర్ర గుడ్డ వేలాడే మనిషి, టోపీ పెట్టుకున్న ఒక మీసాలాయన్ను మూతి మీద గుద్దుతున్నాడు. "ఆఖరికి, పట్టుకునేటందుకు మావోడు పోతే మూతి పగలగొట్టిండు. గా మీసాలు చూడు. ఎవల మీసాలు గవి?"

పేతురు చూశాడు. పుస్తకంలోని మీసాలూ, బల్ల వెనకాల మీసాలూ ఒకే తీరున కొసలు పైకి తిరిగి ఉన్నాయి. సందు ఇస్తే నవ్వొచ్చేదే. నవ్వు రాలేదు సరికదా, భయం పెరిగింది.

ఎందుకంటే జమేదారు అబద్ధం చెప్పడం లేదు. ఆ మనిషి కండ్లకు అట్లాగే కనబడుతోంది. చిన్నప్పటి నుంచి కుడి నుంచే చదివాడు, కుడి నుంచే రాశాడు, కుడి నుంచే పుస్తకం తెరిచాడు. ఇంగ్రేజీ అక్షరం మొహం చూడలేదు. అక్షరాలు వదిలేసి బొమ్మలు చూసుకుంటూ పోతే ఈ కథ ఇట్లాగే ఉంటుంది. ముందు ఆలోచన, తరవాత మంట, తరవాత ఇంకో కిల్లా, చివరికి పోలీసు మీద దెబ్బ. పై అధికారి అమీన్ సాబుకు కూడా ఇదే వరసలో చూపిస్తాడు. అమీన్ సాబు చదువూ ఆ బడిదే.

చెప్పాలా? మూడో తరగతిలో పలక పగిలితే ఇంకో పలక కొనిచ్చే దిక్కులేక బడి మానేసినవాడు, వస్తానియా పాసైన జమేదారుకు పుస్తకం ఎటు నుంచి తెరవాలో చెప్పాలా? చెప్పి బతుకుతాడా? చెప్పకపోతే తమ్ముడు బతుకుతాడా?

"దొరా," అన్నాడు. "నేను మిషన్ల పటం పట్టేటోన్ని. మా పాదిరి గారు వాక్యం చెప్తుంటే, బొమ్మల పటం కట్టెకు కట్టి పైకెత్తి పట్టుకునేది నేనే. ఆ పుస్తకం జర నా చేతికిస్తే, మా కాడ ఎట్ల చూపిస్తరో అట్ల చూపిస్త."

"ఓహో. వాజ్ చెప్తవా నాకు?"

"బోధ కాదు దొరా. బొమ్మలే."

జమేదారుకు సరదా వేసింది. పుస్తకం విసిరాడు. పేతురు దాన్ని తీసుకుని, ఎడమ అట్ట తెరిచి, అలవాటు కొద్దీ రెండు చేతులతో తలకంటే ఎత్తున పట్టుకున్నాడు, బొమ్మలు జమేదారు వైపు ఉండేటట్టు. ఇక పేతురుకు బొమ్మలు కనబడవు. ఇరవై ఏండ్ల నుంచి అంతే. పటం వెనకాల నిలబడ్డవాడికి పటం కనబడదు. చూసేవాళ్ల మొహాలు కనబడతాయి. ఎక్కడ కండ్లు పెద్దవవుతాయో, ఎక్కడ ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారో, ఎక్కడ ముసలివాళ్లు ఆవలిస్తారో అన్నీ తెలుసు. మిషన్ వాళ్లు ఇన్నేండ్లలో అతనికి నేర్పిన విద్య అదొక్కటే. అది కూడా వాళ్లు నేర్పింది కాదు, భుజాలు గుంజి గుంజి తనకు తానే వచ్చింది.

"ఆ దిక్కు నుంచా?" అన్నాడు జమేదారు.

"తెల్లోళ్ల పుస్తకం గదా దొరా. మా బైబిలు గూడ గిటు నుంచే."

"నాకు తెల్వదా?" అని అరిచాడు జమేదారు. మెడ నరాలు ఉబ్బాయి. బయట కరుణమ్మ గాజులు గల్లుమన్నాయి, లేచి నిలబడినట్టుంది. పేతురు చేతులు పైనే ఉన్నాయి, దించడానికి కూడా భయమే. తరవాత జమేదారు కుర్చీలో వెనక్కి వాలాడు. "చెప్పు. నీ ఇల్మ్, నీ చదువు ఎంతో చూస్త."

"ఈ మీసాలాయన పోలీసు కాదు దొరా. పోలీసు బట్టలు ఎత్తుకపోయి తొడుక్కున్న దొంగ."

ఇది పేతురు అప్పటికప్పుడు అల్లింది. జమేదారు మొహంలో ఏదో సడలింది. మనిషికి తన మీసాల మీద దెబ్బ పడకపోతే చాలు, కథ ఏదైనా వింటాడు.

"ఈ ఎర్రగుడ్డాయన్ను గడియారపు మనిషంటరు. ఎగురుతడు. బండిని ఒంటిచేత్తోని లేపుతడు. అన్నిటికంటే పెద్ద విద్య ఏందంటే, ఆ రొమ్ము మీది గడియారం ముల్లు వెనక్కి తిప్పుతే, నిన్నకు పోతడు."

"నిన్నకా?"

"అవ్ దొరా. మనం మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయినట్టు, ఈయన ఇయ్యాల్టి నుంచి నిన్నకు పోతడు. అయిపోయిన దినం కాడికి."

"అయిపోయిన దినం ఏడుంటది రా, పోయెటందుకు? సత్రమా అది?"

"నాకు తెల్వదు దొరా. రాసినోనికి తెల్సుంటది."

జమేదారు నవ్వలేదు. పేతురు పుస్తకం అంచు మీదుగా అతని మొహం చూశాడు. తమాషా చూద్దామని కూర్చున్న మొహం కాదిప్పుడు. పై పెదవి మీద చెమట పట్టింది. వాక్యం వినడానికి వచ్చినవాళ్లలో కొందరికి అట్లా అవుతుంది. ఊరందరికీ చెప్తున్న మాట తన ఒక్కడి చెవిలో పడ్డట్టు.

"పోయి? ఏం చేస్తడు?"

"ఆ కిల్లా కాలిపోయిందని ఈయనకు ముందుగాలనే ఎరుక. కాలకముందుకు పోయి ఆపుదామని పోయిండు. ఇగో, కిల్లా మంచిగున్నది, జనం తిరుగుతున్నరు. ఈయన పోయింది కాల్చెటందుకు కాదు దొరా. ఆర్పెటందుకు. మా తమ్ముని పెట్టెల ఉన్నది కాల్చెటోని పుస్తకం కాదు."

"ఆర్పిండా?"

పేతురు పైకెత్తిన చేతులతోనే తడుముకుంటూ మంటల పేజీ తిప్పాడు. సాముయేలు ఈ పుస్తకం ఇంటికి తెచ్చిన రోజు దీపం దగ్గర కూర్చుని అంతా విప్పి చెప్పాడు, ఆ తెల్ల సిపాయి తనకు చెప్పినట్టు. చెప్పి, మూసి పక్కన పడేశాడు. 'ఉత్త బేకార్ పుస్తకం అన్నా. గంత ఎగిరెటోడు, ఆడిదాంక పోయి ఏం చెయ్యలే. ఇది నాకు ఇచ్చెబదులు ఒక డబ్బా పాలపొడి ఇచ్చినా మంచిగుండు' అన్నాడు. అన్నదమ్ములిద్దరూ నవ్వుకున్నారు. ఆర్పాడని ఇప్పుడు అబద్ధం చెప్పొచ్చు. కానీ బొమ్మ జమేదారు కండ్ల ముందు ఉంది, మంటలతో సహా.

"ఆర్పలే దొరా."

"ఎందుకు?"

"చెయ్యి తగల్లే. అయిపోయిన దినంల ఈయన చెయ్యి దేనికి తగలది. ఆ మీద నుంచి పడేటాయన్ను తోస్తలేడు దొరా, పట్టుకునేటందుకు సాపిండు. చెయ్యి పొగ లెక్క ఆయనల నుంచి అవతలికి పోయింది. జర మంచిగ చూడున్రి, వేళ్లు వీపు దిక్కు వచ్చినయి."

జమేదారు కుర్చీలో నుంచి లేచి వచ్చి బొమ్మకు మొహం దగ్గరగా పెట్టి చూశాడు. అతని ఊపిరి పేతురు వేళ్లకు తగిలింది, జర్దా వాసన.

"తరువాత?"

"ఇంటికొచ్చి కుర్సీల కూసున్నడు. తల పట్టుకున్నడు."

"తరువాత?"

"ఖతం దొరా. బూట్లు, సైకిలు."

"గింతేనా?" అని అరిచాడు జమేదారు. "ఒక్క గుద్దుకు మనిషిని పడగొట్టెటోడు, సచ్చెటోన్ని పట్టుకోలేడా? మల్ల పోవచ్చు గదా? ముల్లు ఇంకింత వెనక్కి తిప్పొచ్చు గదా? గీనికి గా గుడ్డెందుకు, గా గడియారమెందుకు? బేకార్! బేకార్ కితాబ్!"

పుస్తకం లాక్కుని గోడకు కొట్టాడు. రెండు పేజీలు ఊడి నేల మీద పడ్డాయి. పేతురు తలకు చేతులు అడ్డం పెట్టుకుని ముడుచుకున్నాడు, దెబ్బ పడుతుందని. దెబ్బ పడలేదు. కండ్లు తెరిచి చూస్తే జమేదారు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అరచేతులు చొక్కాకు రుద్దుకుంటున్నాడు. కోపం అనుకున్నాడు పేతురు. మొహాలు చదవడంలో ఇరవై ఏండ్ల అనుభవం ఉన్నవాడు, వీపు చదవలేకపోయాడు.

చాలాసేపటికి జమేదారు తిరిగాడు. గొంతు మెత్తబడింది.

"పేతురూ, బయటికి రా. మాట్లాడాలె."

'ఏం రా' పోయింది, 'పిచ్చోడా' పోయింది. పేరు పెట్టి పిలిచాడు. పేతురుకు అప్పుడు ఇంకా భయం వేసింది.

చౌకీ వెనకాల గుర్రానికి నీళ్లు పెట్టే తొట్టి ఉంది. దాని అంచు మీద కూర్చోమన్నాడు. తను నిలబడి, ఊళ్లో చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నువ్వు చెప్పిందాంట్ల ఒకటి మంచిగున్నది. ముల్లు వెనక్కి తిప్పుడు. గా గడియారపోని చెయ్యి తగల్లే. మన చెయ్యి తగుల్తది."

"నాకు సమజ్ కాలే దొరా."

"నాకా కాలింది శుక్రవారం రాత్రి. నీ తమ్మున్ని మేం తెచ్చింది శనివారం. గదే శుక్రవారం పొద్దుగూకకముందే తెచ్చినమంటే? కొట్లో ఉన్నోడు నాకా ఎట్ల కాలుస్తడు?"

పేతురుకు గంట కిందట చావు కనబడిన చోట తలుపు కనబడింది. తలుపంటే నమ్మకం లేని మనిషి అతను. తెరిచి ఉన్న తలుపు కనబడితే వెనకాల ఎవరున్నారని చూసే రకం. అయినా అడిగాడు.

"మీకేం లాభం దొరా?"

"లాభమా? కాల్చినోడు దొరకలేదని అమీన్ సాబ్ నన్ను తిడ్తడు. పడ్త. ఏమున్నది. ఏం తెల్వనోని ఉసురు నాకెందుకు? నాకు పిల్లలు లేరా?"

"ఊరంత చూసింది దొరా, శనివారం నాడు మీరు తీసుకపోయింది."

"ఊరును ఎవడు పిలుస్తడు? అమీన్ సాబ్ ఇంకింతసేపట్ల వస్తడు. సొంత అన్నవు నువ్వు. నువ్వు చెప్తే చాలు. శుక్రవారం దీపాలు పెట్టకముందే తీసుకపోయిన్రు. గంతే. ఎక్కువ మాట్లాడకు."

వేపచెట్టు కిందికి వచ్చి పేతురు మరదలికి ఆ మాట చెవిలో వేశాడు. కరుణమ్మ అతని మొహంలోకి అట్లాగే చూసింది.

"శుక్రవారం రాత్రి ఆయన నా పక్కల పండి గురక పెట్టిండు బావా. ఆ గురక కూడ అబద్ధమేనా?"

"మెల్లగ మాట్లాడు."

"ఆ జమేదారు తిడ్తే నాకు భయం లేదు. నవ్వితే బుగులైతది. ఎందుకు చేస్తున్నడట గింత పుణ్యం?"

"పిల్లలున్నరంట."

"కసాయోనికి కూడ ఉంటరు."

"నీకు మొగుడు కావాల్నా, వద్దా?" అన్నాడు పేతురు. అనేసి తానే తల దించుకున్నాడు. నిన్నటి నుంచి ఇంటింటికీ తిరిగాడు. పాదిరి రాలేదు, సంఘ పెద్దలు రాలేదు, ఇరవై ఏండ్లుగా తను భుజాలు నొప్పి పెట్టేదాకా పటం ఎత్తి పట్టుకుంటే కథలు విన్న ఊరు రాలేదు. చెయ్యి అందించిన మనిషి ఒక్కడే దొరికాడు. ఆ చెయ్యి ఎవరిదని ఎంచే పరిస్థితి తనకు ఎక్కడిది?

కరుణమ్మ సద్దిమూట ముడి విప్పి, మళ్లీ గట్టిగా బిగించింది.

అమీన్ సాబు చేవెళ్ల నుంచి గుర్రం మీద వచ్చాడు. జమేదారు మొదట తానొక్కడే లోపల ఆయనతో మాట్లాడి, తరవాత పేతురును పిలిచాడు. పొట్టి మనిషి, జలుబుతో ఉన్నాడు, రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అరవడని చూడగానే తెలిసిపోయింది. అరిచేవాళ్ల దగ్గర పేతురుకు ఒక లెక్క తెలుసు, ఎప్పుడు వంగాలో, ఎప్పుడు తప్పుకోవాలో. అరవనివాళ్ల దగ్గర ఆ లెక్క పనిచెయ్యదు.

"ఏం పేరు?"

"పేతురు, సాబ్. సురంగల్. సాముయేలు అన్నను."

"ఇసాయివా?"

"అవ్ సాబ్. కిరస్తానీనే."

"నీ కితాబు ఉన్నదా?"

సంచిలో నుంచి చిన్న కొత్త నిబంధన తీశాడు పేతురు. దాన్ని సాఫీగా చదవడం కూడా రాదు అతనికి. అయినా ఎక్కడికి పోయినా వెంట ఉంటుంది.

"చెయ్యి పెట్టు. మీ తమ్మున్ని ఎప్పుడు తెచ్చిన్రు?"

పుస్తకం మీద అరచెయ్యి పెట్టాడు. చెమటకు అట్ట తడిసింది. జమేదారు గోడ పక్కన నిలబడి తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. కొట్టు జాలీ అవతల చీకటి కదిలింది. ఈసారి నిజంగానే కదిలింది. రెండు వేళ్లు జాలీ పట్టుకున్నాయి. ఆ వేళ్ల మీద ఎండిపోయిన అన్నం మెతుకు ఇంకా అంటుకునే ఉంది.

ఆ మెతుకు చూశాక పేతురుకు దేవుడు గుర్తు రాలేదు.

"శుక్రవారం సాబ్. దీపాలు పెట్టకముందే."

"సోంచాయించి చెప్పు. కితాబు మీద చెయ్యి ఉన్నది."

"శుక్రవారమే సాబ్. నా కండ్లారా చూసిన."

అమీన్ సాబు ముక్కు తుడుచుకున్నాడు. రుమాలు మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చాలా మెల్లగా, దవాఖానలో డాక్టరు మాట్లాడినట్టు మాట్లాడాడు.

"షాబాద్ నుంచి పల్లికాయ బండి తోలుకొచ్చిన ఎల్లేశ్ అనెటోన్ని, తాగి లొల్లి చేసిండని శుక్రవారం పగటీలి ఈ కొట్లో ఏసిన్రు. తెల్లారేసరికి సచ్చిపోయిండు. మెడ మీద వేళ్ల గుర్తులున్నయని డాక్టర్ చెప్పిండు. ఇందాక వచ్చీరాంగనే నేను ఈ జమేదారును అడిగిన, ఆ రాత్రి కొట్లో ఇంకెవలున్నరని. ఇంకొకడున్నడు సాబ్, సురంగల్ సాముయేలు అన్నడు. నేను నమ్మలే. పోలీసోడు తన చేతులు కడుక్కునేటందుకు ఏదన్న చెప్తడు." పేతురు చెయ్యి వైపు చూశాడు, ఇంకా పుస్తకం మీదనే ఉన్న చెయ్యి వైపు. "సొంత అన్న ఒట్టు పెట్టి చెప్పినంక నమ్మకుంటే ఎట్ల?"

జమేదారు ఇప్పుడు తల ఎత్తాడు. పేతురు వైపు కాదు, కిటికీ వైపు.

"అన్నా!" జాలీ వెనక నుంచి సాముయేలు గొంతు, మూడు రోజుల దాహంతో గీరుకుపోయిన గొంతు. "ఎల్లేశ్ ఎవలే? నేనెన్నడన్న చూసిన్నా వాన్ని? శనివారం గదనే నన్ను తెచ్చింది! అన్నం తింటుంటే! చెప్పన్నా, శనివారమని చెప్పు!"

"విన్నవా?" అన్నాడు అమీన్ సాబు. "మీ ఇద్దరిల ఒకడు అబద్ధమాడుతున్నడు. శుక్రవారమైతే వీడు ఖూనీ చేసిండు, ఉరికి పోతడు. శనివారమైతే నాకా కాలిన రాత్రి వీడు బయటున్నడు, నువ్వు దొంగ ఒట్టు పెట్టి వాన్ని దాస్తున్నవు. ఇద్దరూ జేలుకు పోతరు. చెయ్యి తియ్యకు. అట్లనే ఉంచి చెప్పు, ఏ దినం?"

బయట కరుణమ్మ పరుగెత్తుకొస్తున్న చప్పుడు, జవాను ఆమెను అడ్డుకున్న చప్పుడు వినబడ్డాయి. పేతురు తమ్ముని వేళ్ల వైపు చూశాడు, జమేదారు మీసాల వైపు చూశాడు. నోరు తెరిచాడు.